తెలుగు స్వతంత్ర ర్యాప్‌ను మీరు ఇప్పుడు ఎలా వింటున్నారు?

హన్మకొండ_శ్రోత:
పదేళ్ళకు పైగా తెలుగు ర్యాప్ వింటున్నవాణ్ణి. ఈ మధ్య నా అలవాట్లను నేనే గమనించుకుంటే కలిగిన దిగులు వల్ల ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2012 ప్రాంతంలో మా చౌరస్తా దగ్గర ఒక మొబైల్ దుకాణంలో మెమరీ కార్డు ఇస్తే, ముప్పై రూపాయలు తీసుకుని నాలుగు జీబీ నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. అక్కడ పనిచేసే అన్న కొత్త సినిమా పాటల మధ్యలో తనకు నచ్చిన రెండు మూడు తెలుగు ర్యాప్ పాటలు నేను అడగకపోయినా వేసేవాడు. పాడినవాళ్ళ పేర్లు ఫైలు మీద ఉండేవి కావు. మళ్ళీ ఎక్కించుకోవాలంటే మళ్ళీ డబ్బు పెట్టాలి కాబట్టి ఉన్న పాటలనే కాలేజీ బస్సులో రోజూ వినేవాణ్ణి. ఆ చరణాలు ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక యూట్యూబ్‌కు, 2019లో స్పాటిఫై మన దేశంలో అడుగుపెట్టాక దానికి మారాను. ఇప్పుడు నా జేబులో ఉన్నన్ని పాటలు ఆ దుకాణంలో ఏనాడూ లేవు. అయినా పోయిన నెలలో తెలుగు ర్యాప్ పాటలు ఎన్నిటిని మొదటి నుంచి చివరి దాకా విన్నానని లెక్క చూసుకుంటే రెండే తేలాయి. 2024లో హైదరాబాద్ సంగీత నిర్మాత కాల్మి కట్టిన బీట్ (ర్యాప్ వెనుక మోగే సంగీతం) మీద ర్యాపర్ హనుమాన్‌కైండ్ పాడిన పాట అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్ళినప్పుడు ఎంతో గర్వపడ్డాను. అది ఇంగ్లీషు పాట. తెలుగులో రాసి, తెలుగులో పాడే స్వతంత్ర కళాకారుల (సినిమా, పెద్ద కంపెనీల అండ లేనివారి) దగ్గరకు ఆ గాలి ఎంతవరకు వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. పాడేవారు, రికార్డింగ్ చేసేవారు, వినేవారు తమ తమ అనుభవాలు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

బెజవాడ_బాణీ:
హన్మకొండ శ్రోత గారికి నమస్కారం. నేను ఏడేళ్ళుగా పాడుతున్నాను. ఇప్పటికి ఇరవై రెండు పాటలు విడుదల చేశాను. పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు రాసుకుంటాను. మీరు చెప్పిన ఈ మార్పు నేను రాసే తీరునే మార్చేసింది కాబట్టి కొంచెం పెద్దగానే సమాధానం చెబుతాను.

స్పాటిఫైలో ఒక పాటను ముప్పై సెకన్లు వింటేనే దాన్ని ఒక స్ట్రీమ్‌గా లెక్కిస్తారు. అంతకుముందే వేలు తెరను జరిపితే ఆ శ్రోత నా లెక్కలో లేనట్టే. 2024 నుంచి మరో నిబంధన వచ్చింది: గత పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి స్ట్రీములు రాని పాటకు రాయల్టీ ఏమీ రాదు. నా ఇరవై రెండు పాటల్లో ఆ గీత దాటినవి ఐదు. డబ్బు సంగతి అటుంచితే, ఆ ముప్పై సెకన్ల భయం నా రచనలోకి చొరబడింది. నా తొలి పాటలో నలభై సెకన్ల పాటు కృష్ణ ఒడ్డున రికార్డు చేసుకొచ్చిన పడవ రేవు చప్పుళ్ళు ఉంటాయి, ఆ తరువాతే గొంతు వస్తుంది. ఈ రోజు ఆ పాట రాస్తే నేనే ఆ భాగాన్ని కత్తిరిస్తాను. హుక్ (మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి) ముందుకు వచ్చింది, రెండో వెర్స్ (చరణం) పన్నెండు బార్లకు (తాళపు ఆవర్తాలకు) కుదించుకుపోయింది, మూడో వెర్స్ పూర్తిగా మాయమైంది. కథ చెప్పేది మూడో వెర్స్‌లోనే కాబట్టి నా పాటల్లో ఇప్పుడు కథలు లేవు.

ఇంకొక విషయం చాలామంది శ్రోతలకు తెలియదు. మీరు నెలనెలా చందా కట్టి నా పాటలు తప్ప ఇంకేమీ వినకపోయినా మీ డబ్బు నేరుగా నాకు రాదు. అందరి చందాలూ ఒకే కుప్పగా పోసి, ఆ నెలలో జరిగిన మొత్తం స్ట్రీములలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. అందువల్ల నా అభిమాని కట్టిన రూపాయిలో సింహభాగం అతడు ఎన్నడూ వినని పెద్ద సినిమా పాటలకు వెళ్తుంది.

బీట్ల విషయంలోనూ ఒక దెబ్బ తిన్నాను. కొత్తవారు జాగ్రత్త పడతారని చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో ఒక బీట్‌ను లీజుకు (అదే బీట్‌ను ఇతరులకూ ఇచ్చే పద్ధతిలో) తీసుకుని పాట చేశాను. పూర్తి హక్కులు కొనే స్తోమత లేక లీజు తీసుకున్నాను. అదే బీట్‌ను లీజుకు తీసుకున్న వేరే దేశపు కళాకారుడు ముందుగా తన పాటను, ఒకేలాంటి పాటలను పట్టుకునే యూట్యూబ్ గుర్తింపు వ్యవస్థలో నమోదు చేయడంతో, నా పాట మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చి మూడు నెలలు ఆదాయం ఆగిపోయింది. లీజు పత్రంలో ఎన్ని స్ట్రీముల వరకు అనుమతి ఉందో, ఆ నమోదు చేయవచ్చో లేదో చదవకుండా సంతకం పెట్టడం నా తప్పే.

కొత్త_కలం:
బెజవాడ బాణీ అన్నా, నాకొక సందేహం. పాటలను స్పాటిఫై లాంటి చోట్లకు చేర్చే పంపిణీ సంస్థ ద్వారా వచ్చే డబ్బేనా, పాట రాసినందుకు వేరేగా ఏమైనా వస్తుందా? నేను పోయిన ఏడాదే మొదలుపెట్టాను, ఎవరూ చెప్పేవారు లేరు.

బెజవాడ_బాణీ:
వేరేగా వస్తుంది తమ్ముడూ, అది వదులుకోవద్దు. పంపిణీ సంస్థ ఇచ్చేది రికార్డింగ్ మీద వచ్చే ఆదాయం. రచయితగా, స్వరకర్తగా నీకు రావలసిన రాయల్టీని వసూలు చేసేది ముంబయిలోని ఐపీఆర్‌ఎస్ అనే రచయితల, స్వరకర్తల సంఘం. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ తరువాత రచయిత, స్వరకర్త ఆ హక్కును కంపెనీకి కాగితం మీద రాసిచ్చినా అది చెల్లదు. ర్యాప్‌లో నువ్వే రచయితవు కాబట్టి సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ నమోదు చేయించు. బీట్ కట్టిన వ్యక్తితో ఎవరి వాటా ఎంత అన్నది పాట విడుదలకు ముందే రాతపూర్వకంగా తేల్చుకో. స్నేహం ఉంది కదా అని వాయిదా వేస్తే ఆ తరువాత స్నేహమూ మిగలదు.

మిక్సింగ్_గది:
నాది సికింద్రాబాద్‌లో చిన్న స్టూడియో. నెలకు పది పన్నెండు ర్యాప్ పాటలు మిక్స్ చేస్తుంటాను, అంటే గొంతును, సంగీతాన్ని సమంగా కలుపుతుంటాను. వినే తీరు మారిందనడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం బేస్, అంటే పాటలోని లోతైన కింది శబ్దం. ఒకప్పుడు కుర్రాళ్ళు పాటను కారులో సబ్‌ఊఫర్ మీద వినిపించి నచ్చితేనే ఒప్పుకునేవారు. ఇప్పుడు మిక్స్ పూర్తి కాగానే ఫోన్ స్పీకర్ మీద పెట్టి, "అన్నా, బేస్ వినిపించడం లేదు" అంటారు. ర్యాప్‌లో వాడే 808 అనే బేస్ అసలు నాదం నలభై, యాభై హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. వేలెడంత స్పీకర్‌లో అది పుట్టనే పుట్టదు. అందుకని దానికి కొంత శాచురేషన్ (శబ్దానికి గరుకుదనం) కలిపి పై హార్మోనిక్స్ (అదే నాదపు పై స్థాయి ధ్వనులు) పుట్టించి, చెవి దాన్ని బేస్ అని ఊహించుకునేలా చేస్తాము. ఇందులో తప్పు లేదు గానీ, అందరికీ అదే కావాలి కాబట్టి పాటలన్నీ ఒకే రంగు పూసుకుంటున్నాయి. ఫోన్ కోసం గట్టిపరచిన ఆ బేస్ మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే గొంతు మీద పడి మాటలను నలిపేస్తుంది. తెలుగులో ఒత్తులు, ద్విత్వాలు ఎక్కువ. అవి స్పష్టంగా వినిపించకపోతే ర్యాప్‌లో మిగిలేదేమిటి?

తెలుగు_పంతులమ్మ:
కరీంనగర్ జిల్లాలో జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. నాకు సంగీతం గురించి పెద్దగా తెలియదు, పిల్లల గురించి తెలుసు. 2018లో తెలుగు ర్యాపర్ రోల్ రైడా బిగ్ బాస్ రెండో సీజన్‌లోకి వెళ్ళాక ర్యాప్ అనే మాట మా ఇంట్లో అత్తయ్యకు కూడా పరిచయమైంది. ఆ తరువాత 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించడం, మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ రావడం జరిగాయి. అప్పటి నుంచి మా పిల్లలకు పాట అంటే పదిహేను సెకన్లు. ఆ ముక్కను తప్పు లేకుండా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా చూసుకుని అప్పజెబుతారు. దాని ముందు ఏముంది, పాడింది ఎవరు అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఛందస్సు పాఠం రోజున ఒక ప్రయోగం చేశాను. పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలవడం, మీరు వినే ర్యాప్‌లో కలిసేది పాదం చివర కాబట్టి అది అంత్యప్రాస అని చెప్పి, ఒక తెలుగు ర్యాప్ పాట సాహిత్యాన్ని బోర్డు మీద రాయించాను. ఎక్కడ రెండు అక్షరాలు కలిశాయో, ఎక్కడ నాలుగు కలిశాయో గీతలు గీయమన్నాను. ఆ తరువాత పాట మొత్తం వినిపించాను. మూడున్నర నిమిషాల పాటు ఒక్కరూ కదలలేదు. మధ్య మధ్య వెనుక నుంచి వచ్చే కేకలు ఏమిటని ఒక అమ్మాయి అడిగితే, బుర్రకథలో కథకుడి పక్కన వంతలు "తందాన తాన" అనడం గుర్తు చేశాను. మరుసటి వారం ఆ అమ్మాయే తమ ఊరి చెరువు మీద ఇరవై పంక్తులు రాసుకొచ్చింది. అందులో యతి స్థానాలు కూడా ఉన్నాయి, తనకు తెలియకుండానే పడ్డాయట. పిల్లలకు ఓపిక లేదని నేను ఇకపై అనను. పూర్తి పాట ఉందని, దాన్ని కూర్చుని వినవచ్చని వారికి ఎవరైనా చెప్పాలి.

హ్యూస్టన్_నుంచి:
గుంటూరు నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా హ్యూస్టన్‌లో ఉంటున్నాను. హనుమాన్‌కైండ్ చిన్నతనంలో కొంత భాగం గడిచింది ఈ ఊళ్ళోనే. మెమరీ కార్డు సంగతి చదవగానే నాకు ఈ ఊరి పాత డీజే, డీజే స్క్రూ గుర్తుకొచ్చారు. నేను వచ్చేసరికే ఆయన లేరు, 2000లో కన్నుమూశారు. ఆయన కథ మాత్రం ఇక్కడ నా సహోద్యోగులు తమ ఇంటి కథలా చెబుతారు. పాటల వేగం తగ్గించి కలిపిన టేపులను ఆయన ముందు తన ఇంటి వద్దే అమ్మేవారు, కొనడానికి వచ్చిన కార్లు వీధిలో బారులు తీరేవి. 1998లో దుకాణం తెరిచారు. ఆ టేపులకు రేడియో లేదు, పెద్ద కంపెనీ లేదు. ఒకరి కారులో విన్నవారు మరొకరికి కాపీ చేసి ఇచ్చేవారు.

అలా చేతి నుంచి చేతికి వెళ్ళడాన్ని తరువాతివారు వేరే రకంగా నిలబెట్టుకున్నారు. లాస్ ఏంజెలెస్ ర్యాపర్ నిప్సీ హసల్ 2013లో తన మిక్స్‌టేప్‌ను (సొంతంగా విడుదల చేసే పాటల సంకలనాన్ని) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తూనే, వెయ్యి సీడీలను మాత్రం ఒక్కొక్కటి వంద డాలర్లకు అమ్మారు. ప్రముఖ ర్యాపర్ జే-జీ ఒక్కరే వంద కొన్నారు. ఉచితంగా దొరికేదానికి వంద డాలర్లు ఎందుకిస్తారని మొదట నేనూ అనుకున్నాను. అది పాట ఖరీదు కాదని, ఆ మనిషి పక్కన నిలబడ్డామని చెప్పుకోవడమని ఒక మిత్రుడు వివరించాడు. ఇక్కడి తెలుగు సంఘాల సభలకు సినిమా గాయకులను లక్షలు పెట్టి పిలిపిస్తాము. ఒక్క స్వతంత్ర తెలుగు ర్యాపర్‌ను పిలవడానికి కార్యవర్గంలో నేను రెండేళ్ళుగా అడుగుతున్నాను, ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఏడాదీ అడుగుతాను.

జానపద_ఛానెల్:
మాది సిరిసిల్ల వైపు. జానపద పాటల యూట్యూబ్ ఛానెల్‌కు కెమెరా, ఎడిటింగ్ చేస్తాను. ర్యాపర్లు బాధపడనంటేనే అని కాదు గానీ, బాధపడకపోతే ఒక మాట చెబుతాను. మా పాటలకూ సినిమా అండ లేదు, పెద్ద కంపెనీ లేదు, రీల్స్ మాకూ ఉన్నాయి. అయినా మా పాటలు నిలబడుతున్నాయి. గొంతులోనో కెమెరాలోనో గొప్పదనం ఉండి కాదు, పాటకు ఒక సందర్భం ఉండడం వల్ల. పెళ్ళి బరాత్‌కు ఒక పాట కావాలి, బోనాలకు ఒకటి కావాలి, బతుకమ్మకు ఒకటి కావాలి. డీజే బండి వాడు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాడు, ఊళ్ళో వందమంది దానికి ఆడతారు, మర్నాడు అందులో ముప్పైమంది పాట వెతుక్కుంటారు. శ్రోత తీరు మారిందని మీరంటున్నారు. మా ఊళ్ళలో మెమరీ కార్డు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, అంతే. మీ పాటను హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఒంటరి మనిషి కోసం రాస్తున్నారు. ఆ మనిషి చేతిలోనే తరువాతి పాటకు వెళ్ళే మీట కూడా ఉంటుంది. పదిమంది మధ్య మోగే పాటను ఎవరు జరుపుతారు?

బెజవాడ_బాణీ:
జానపద ఛానెల్ అన్నా, ఈ కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. అయితే పూర్తిగా ఒప్పుకోలేను. ఒంటరిగా వినవలసిన పాటలు కూడా ఉంటాయి. మా నాన్న చనిపోయినప్పుడు నేను రాసిన పాటకు ఎవరూ ఆడనక్కరలేదు, దాన్ని రాత్రి పన్నెండు గంటలకు ఒక్కడే కూర్చుని వినేవాడు దొరికితే చాలు. కానీ నా ఇరవై రెండు పాటల్లో పదిమంది మధ్య మోగదగ్గది ఒక్కటీ లేకపోవడం నిజంగా లోటే. తీన్మార్ దెబ్బ మీద ఒక పాట సగం రాసి రెండేళ్ళుగా పక్కన పెట్టాను, సీరియస్ ర్యాపర్ అలాంటివి చేయకూడదన్న ఒక పనికిరాని అభిప్రాయంతో. పంతులమ్మ గారి ఉత్తరం చదివాక మూడో వెర్స్ కూడా మళ్ళీ రాయాలనిపిస్తోంది.

హన్మకొండ_శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఆ పాత దుకాణానికి వెళ్ళాను. ఇప్పుడు అక్కడ ఫోన్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్ముతున్నారు. ఆ అన్నే ఉన్నాడు, నన్ను గుర్తుపట్టలేదు. ఆ రోజుల్లో ర్యాప్ పాటలు ఎందుకు వేసేవాడివని అడిగితే, తన బావమరిది స్నేహితులు పాడినవని, పదిమందికి చేరుతాయని వేసేవాణ్ణని చెప్పాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళ సీజన్‌లో డీజే వాళ్ళు తన దగ్గరే పెన్‌డ్రైవ్‌లు కొంటారట, అప్పుడప్పుడు పాటలు కూడా వేసి ఇమ్మంటారట. బెజవాడ బాణీ గారూ, మీ తీన్మార్ పాట పూర్తయితే ఆయన చేతికి అందించే పూచీ నాది.

మిక్సింగ్_గది:
అయితే ఫోన్ కోసం చేసిన మిక్స్ అక్కడికి పంపవద్దు, డీజే బండి మీద ఆ శాచురేషన్ అంతా గరగరమంటుంది. గొంతు, డప్పు, బేస్ వేరు వేరు ఫైళ్ళుగా నాకు పంపండి. బేస్‌ను మోనోలో (రెండు వైపులా ఒకే శబ్దంగా) ఉంచి, గొంతు ముందుకు తెచ్చి, బండికి వేరే మిక్స్ చేసి ఇస్తాను. వినాయక నిమజ్జనానికి ముందు చేతికి అందాలంటే రాత ఈ నెలాఖరులోగా పూర్తి చేయండి. డబ్బు సంగతి తరువాత చూసుకుందాం.