డెబ్బై వారాల లెక్క: 445 నుంచా, 457 నుంచా?

బ్రాడీపేట సండేస్కూల్ (గుంటూరు):

అందరికీ వందనాలు. మా సంఘంలో ఇంటర్, డిగ్రీ పిల్లల క్లాసు నాది. పగలు మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్లు చూస్తాను, అందుకేనేమో లెక్క తేలకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ ఆదివారం దానియేలు 9వ అధ్యాయం చెప్పాలి. అందులో డెబ్బై వారాలున్నాయి, ఒక్కో వారాన్ని ఏడేళ్లుగా లెక్కేస్తారు: యెరూషలేమును మళ్లీ కట్టమనే ఆజ్ఞ నుంచి అభిషిక్తుడి వరకు 7, 62 కలిపి 69 వారాలు, తర్వాత ఆఖరి వారం.

మొన్న విజయవాడలో ఒక సభకి పిల్లల్ని తీసుకెళ్లాం. స్టేజీ వెనక ఈ చివర నుంచి ఆ చివరకి ఫ్లెక్సీ. ఎడమ పక్క నెహెమ్యా, మధ్యలో సిలువ, తర్వాత మూరెడు ఖాళీ, చివర ఎర్ర రంగులో ‘ఏడేళ్ల శ్రమలు’. క్రీ.పూ. 445లో పారసీక రాజు అర్తహషస్త యెరూషలేము కట్టమని నెహెమ్యాకు ఆజ్ఞ ఇచ్చాడు, అక్కడి నుంచి 69 వారాలు, అంటే 483 ఏళ్లు, ఏడాదికి 360 రోజుల చొప్పున 1,73,880 రోజులు, సరిగ్గా ప్రభువు గాడిద మీద యెరూషలేములో ప్రవేశించిన రోజు అని ప్రసంగీకుడు చెప్పారు. జనం చప్పట్లు. ఆ ఊపులో ఆయన ఇంకో మాట కూడా అన్నారు: ఆఖరి వారం, అంటే ఆ ఏడేళ్ల శ్రమలు, గుమ్మంలో ఉంది, మీ పిల్లలకి ఎంసెట్ కోచింగులు ఎందుకండీ అని.

తిరుగు బస్సులో మా క్లాసు అమ్మాయి అడిగింది, “సార్, ఏడాదికి 365 రోజులు కదా, 360 ఎక్కడిది?” నేను ప్రకటన గ్రంథంలో 42 నెలలు, 1260 రోజులు, అంటే నెలకి 30 రోజుల లెక్క చూపించాను. ఊరుకోలేదు. “మరి యూదులు 360 రోజులకే కొత్త సంవత్సరం చేసుకుంటే పస్కా పండగ కొన్నేళ్లకి వానాకాలంలోకి వచ్చేయదా?” అంది. ఇంకో పిల్లాడి నాన్న అయితే ఫీజు రెండో వాయిదా కట్టాలా వద్దా అని నన్నే అడుగుతున్నాడు. కట్టమన్నాను, అది వేరే సంగతి.

మా పక్కింటి అడ్వెంటిస్టు అన్నయ్యేమో 445 కాదు, 457 అంటాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట రిటైర్డ్:

తమ్ముడూ, ఆ అమ్మాయికి నా తరఫున ఒక డైరీమిల్క్ కొనిపెట్టు. అడగాల్సిన చోటే అడిగింది.

ఆ 1,73,880 లెక్క రాబర్ట్ ఆండర్సన్ అనే ఆయనది. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ యార్డ్‌లో పెద్ద అధికారి. క్రీ.పూ. 445 మార్చి 14 నుంచి క్రీ.శ. 32 ఏప్రిల్ 6 వరకు లెక్కపెట్టాడు. మన సభల్లో ఆయన పేరు చెప్పరు, అంకె మాత్రం వాడేస్తారు. చిక్కు ఏమిటంటే పస్కా పండగ శుక్రవారం దగ్గర పడే సంవత్సరాలుగా ఖగోళ లెక్కలు చూపించేవి ముఖ్యంగా క్రీ.శ. 30, 33. 32 కుదరదు. అందుకే హెరాల్డ్ హోనర్ అనే పండితుడు మొదలును క్రీ.పూ. 444కి జరిపి, చివరను 33కి తెచ్చాడు. 360 మాత్రం వదల్లేదు. వదిలితే ఏడేళ్లు తేడా వస్తుంది మరి.

పస్కా సంగతి ఆ పిల్ల చెప్పిందే నిజం. యూదులు మధ్యమధ్యలో పదమూడో నెల కలుపుకుని పండగను వసంతకాలంలోనే నిలబెట్టుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, అదే 9వ అధ్యాయం మొదట్లో దానియేలు యిర్మీయా చెప్పిన 70 ఏళ్లు లెక్కపెడుతున్నాడు. ఆ 70కి 360 రోజుల ఏడాది ఎవరూ వాడరు. ఇరవై వచనాలు దాటగానే క్యాలెండర్ మార్చేస్తే ఎలా?

మంగళగిరి బ్రదర్:

ప్రైజ్ ది లార్డ్. మేము అడ్వెంటిస్టులం, మామూలు సంవత్సరాలే వాడతాం. అర్తహషస్త ఏడో ఏట, ఎజ్రా 7వ అధ్యాయం, క్రీ.పూ. 457. దానికి 483 కలిపితే, సున్నా సంవత్సరం లేదు కాబట్టి, క్రీ.శ. 27 వస్తుంది. అది ప్రభువు బాప్తిస్మం. ఆఖరి వారం మధ్యలో, 31లో, సిలువ. 34లో స్తెఫను మరణం. మధ్యలో ఖాళీ పెట్టాల్సిన పని లేదు.

పటమట రిటైర్డ్:

బ్రదర్, ఖాళీ లేకపోవడం మీ లెక్కలో మంచి గుణమే, ఒప్పుకుంటాను. కానీ ఎజ్రా 7లో ఆజ్ఞ చదవండి. వెండి, బంగారం, బలులు, న్యాయాధిపతులు ఉన్నాయి. పట్టణం కట్టమని ఎక్కడుంది?

మంగళగిరి బ్రదర్:

ఎజ్రా 9:9లో యూదాలోనూ యెరూషలేములోనూ గోడ ఇచ్చాడని ఉంది కదండీ.

పటమట రిటైర్డ్:

ఉంది. అది రాజు ఆజ్ఞలో మాట కాదు, ఎజ్రా ప్రార్థనలో మాట. ఇంకోటి, లూకా 3:1 ప్రకారం యోహాను పరిచర్య తిబెరి కైసరు పదిహేనో ఏట మొదలైంది. తిబెరికి ముందు ఏలిన అగస్టస్ చనిపోయింది క్రీ.శ. 14లో. మామూలుగా లెక్కపెడితే 28 లేదా 29. మీకు 27 కావాలంటే తిబెరి తన దత్తతండ్రి అగస్టస్‌తో కలిసి ఏలిన కాలం నుంచి మొదలెట్టాలి. అసలు యెరూషలేము కట్టబడుతుందని యెషయా 44:28 ఎవరి నోట పలికించింది? పారసీక రాజు కోరెషు. ఆయన క్రీ.పూ. 538 నుంచి 483 ఏళ్లు లెక్కపెట్టి చూడండి, క్రీ.పూ. 55 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఆ ఆజ్ఞను ఎవరూ ఫ్లెక్సీ మీద వేయరు. ముందు గమ్యం ఖాయం చేసుకుని, తర్వాత బస్సు ఎక్కిన స్టాప్ వెతుకుతున్నారు.

గుణదల అక్క:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మేము కథోలికులం. మా బైబిలు క్లాసులో ఫాదర్ గారు ఇది అంతియొకస్ ఎపిఫనీస్ కాలానికి వర్తిస్తుందనే వ్యాఖ్యానం కూడా చెప్పారు. క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసిన రాజు, మా బైబిల్లోని మక్కబీయుల గ్రంథంలో ఆ సంగతి ఉంది. 587లో పట్టణం కూలినప్పటి నుంచి 538 వరకు 49 ఏళ్లు, అంటే మొదటి ఏడు వారాలు చక్కగా సరిపోతాయట.

పటమట రిటైర్డ్:

మొదటి ఏడు సరిపోతాయమ్మా. తర్వాతి 62 వారాలు, అంటే 434 ఏళ్లు, 538 నుంచి తీసేస్తే 104కి వస్తుంది. అంతియొకస్ అప్పటికి పోయి దాదాపు అరవై ఏళ్లయింది. పైగా మత్తయి 24:15లో ప్రభువు దానియేలు చెప్పిన హేయవస్తువు (దేవాలయాన్ని అపవిత్రం చేసేది) సంగతి ఇంకా జరగబోయేదిగానే చెప్పాడు. ఎవరి లెక్కలోనైనా ఒక మూల చిరుగు ఉంటుంది.

బ్రాడీపేట సండేస్కూల్:

అన్నయ్యా, అక్కా, చాలా థ్యాంక్స్. నాకు ఒకటి తేలింది. బోర్డు మీద తేదీ రాయను. నాలుగు గళ్లు గీస్తాను: కోరెషు 538, ఎజ్రా 457, నెహెమ్యా 445, యిర్మీయా కాలంలో పట్టణం కూలిన 587. ఒక్కో దాని కింద “ఏడాదికి ఎన్ని రోజులు? ఎక్కడ ఆగింది? ఏ వచనం అడ్డం వస్తోంది?” అని పిల్లల చేతే నింపిస్తాను. క్యాలిక్యులేటర్లు వాళ్లవే. 1844 అక్టోబర్ 22 సంగతి కూడా చెప్తాను. అమెరికాలో విలియం మిల్లర్‌ను నమ్మినవాళ్లు ఆ రాత్రంతా ప్రభువు కోసం ఎదురుచూశారు, కొందరు పంట కూడా కోయలేదు. ఫీజు వాయిదా అడిగిన ఆయన్ని కూడా క్లాసులో కూర్చోమన్నాను.

మంగళగిరి బ్రదర్, నొచ్చుకోకండి. ఆ తేదీ మీ 457 నుంచి 2300 ఏళ్ల (దానియేలు 8:14లోని 2300 దినాలను ఏళ్లుగా తీసుకున్న) లెక్కే కాబట్టి మీ వాళ్లు దాన్ని ఎలా వివరిస్తారో కూడా నాలుగు ముక్కలు రాయండి, మీ మాటల్లోనే చదివి వినిపిస్తాను.

అక్కా, మక్కబీయుల గ్రంథం మా బైబిల్లో లేదు. దేవాలయం అపవిత్రం చేసిన భాగం ఎక్కడుంది?

గుణదల అక్క:

మొదటి గ్రంథం, 1వ అధ్యాయం, 54వ వచనం. నెల, తేదీ, సంవత్సరం కూడా వేసి ఉంటాయి తమ్ముడూ. ఆ సంవత్సరం మాత్రం గ్రీకు రాజుల లెక్క, 145 అని ఉంటుంది. క్రీ.పూ. 167 అని పక్కన పెన్సిల్‌తో రాసి రాత్రికి ఫోటో పెడతాను.