రోస్కోన్ దె రేయెస్: పిండి పొంగట్లేదు, మధ్య చిల్లు పూడుకుపోతోంది

తీపిపిచ్చి:
స్పెయిన్‌లో జనవరి 6న, ముగ్గురు రాజుల (బాల యేసును చూడవచ్చిన జ్ఞానుల) పండక్కి చేసే రోస్కోన్, అంటే రింగు ఆకారంలో ఉండే తీపి బ్రెడ్ గురించి అడుగుతున్నాను. కొలతలు ఇవీ: మైదా 500 గ్రాములు (ప్యాకెట్ మీద కేకుల కోసం అని ఉంది), చక్కెర 150, వెన్న 100, గుడ్లు 2, పాలు 120 మి.లీ., తాజా ఈస్ట్ 15 గ్రాములు, నారింజపూల నీళ్లు 2 పెద్ద చెంచాలు. అన్నీ ఒకేసారి వేసి కలిపి రెండు గంటలు ఉంచితే పిండి సగం కూడా పొంగలేదు. కాల్చాక చిల్లు మూసుకుపోయి రింగు కాస్తా బన్ను అయింది. లోపం పిండిలోనా, ఈస్ట్‌లోనా? రోస్కోన్ లోపల దాచే చిన్న బొమ్మ, చిక్కుడు గింజ ఎప్పుడు పెట్టాలి? 5న సాయంత్రం రాజుల ఊరేగింపు ఉంటుంది కదా, ఆ రెండ్రోజుల్లో పని ఎలా సర్దుకోవాలి?

పొంగుపిండి:
ఈస్ట్ తప్పేం లేదండి. కేకుల మైదాలో జిగురు తక్కువ. ఇంత వెన్న, ఇన్ని గుడ్లు మోసే బలం దానికి ఉండదు. ప్యాకెట్ మీద ‘అరీనా దె ఫుయెర్థా’ అని ఉన్న బ్రెడ్ పిండి తీసుకోండి. ప్రోటీన్ 100 గ్రాములకి 12కి తగ్గకూడదు.

రెండోది చక్కెర. 500 గ్రాముల పిండికి 150 అంటే చాలా ఎక్కువ. చక్కెర నీటిని లాగేసుకుంటుంది, ఈస్ట్ నీరసపడుతుంది. 100కి దించండి, ఈస్ట్ 20కి పెంచండి. అక్కడి సూపర్ మార్కెట్లో ఫ్రిజ్ అరల్లో 25 గ్రాముల ఘనాలు దొరుకుతాయి, ఒకదాంట్లో కొంచెం మిగులుతుంది.

మూడోది వెన్న వేసే వేళ. మొదట్లోనే వేస్తే కొవ్వు పిండికి పూత పట్టి జిగురు సాగనివ్వదు. ముందు పాలు, గుడ్లు, చక్కెర, ఈస్ట్, 6 గ్రాముల ఉప్పు, నారింజ నిమ్మ తొక్కల తురుము వేసి 8 నిమిషాలు పిసకండి. ఆ తర్వాత మెత్తబడిన వెన్న 80 గ్రాములు మూడు విడతలుగా వేస్తూ ఇంకో 8 నిమిషాలు. మధ్యలో పిండి విడిపోయినట్టు జిడ్డుగా, అసహ్యంగా కనిపిస్తుంది. కంగారుపడి పొడిపిండి చల్లొద్దు, అక్కడే చాలా రోస్కోన్లు రాళ్లవుతాయి. పిసుకుతూ పోతే మళ్లీ దగ్గరపడుతుంది. చిన్న ముక్క తీసి వేళ్లతో సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనిపించేంత పొర రావాలి.

పొంగడానికి గడియారం చూడకండి, పరిమాణం చూడండి. 25 డిగ్రీల్లో రెండు గంటలు పట్టేది, జనవరి చలికి వంటింట్లో 18 డిగ్రీలుంటే నాలుగైనా పడుతుంది. అవెన్ వేడి చేయకుండా లోపలి దీపం మాత్రం వేసి అందులో పెట్టండి.

మాడుముక్క:
చిల్లు సంగతి నేను చెప్తాను. పిండి రబ్బరులా వెనక్కి లాగుతుంది, ఆపైన పొంగుతుంది, అవెన్లో ఇంకోసారి పొంగుతుంది. మూడుసార్లూ చిల్లే నష్టపోతుంది. పొంగిన పిండిని ఉండ చేసి 20 నిమిషాలు వదిలేయండి. నడుమ వేళ్లు దింపి, రెండు చేతులతో తిప్పుతూ కొంచెం వెడల్పు చేయండి. లాగినకొద్దీ ముడుచుకుంటుంటే బలవంతం చేయకుండా 10 నిమిషాలు ఆగి మళ్లీ సాగదీయండి. ట్రే మీద పెట్టేటప్పుడు చిల్లు 15 సెంటీమీటర్లు ఉండాలి. చూడ్డానికి మరీ పెద్దగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. మధ్యలో వెన్న రాసిన స్టీలు గిన్నె బోర్లిస్తే ఇంకా భద్రం.

గంట, గంటన్నర రెండో పొంగు. గుడ్డు సొన రెండుసార్లు పూయాలి: రింగు చేయగానే ఒకసారి, అవెన్లో పెట్టే ముందు ఇంకోసారి. ఆ తర్వాతే పాకంలో ఊరిన పండు ముక్కలు, చెంచాడు నీళ్లతో తడిపిన చక్కెర. చక్కెర పొడిగా చల్లితే రాలిపోతుంది, మరీ తడిపితే కరిగిపోతుంది. తడి ఇసుకలా ఉండాలి. ఆ ఎరుపు, ఆకుపచ్చ పండు ముక్కల్ని చాలామంది గిల్లి పక్కన పెడతారు. నన్నడిగితే నారింజ చక్రాలు చాలు.

180 డిగ్రీల్లో, ఫ్యాన్ లేకుండా 18 నుంచి 22 నిమిషాలు. పైన త్వరగా ఎరుపెక్కితే 12వ నిమిషంలో అల్యూమినియం రేకు కప్పండి. చక్కెర, గుడ్డు ఉన్న పిండి లోపల ఉడక్కముందే పైన మాడుతుంది.

తీపిపిచ్చి:
చాలా థాంక్సండి ఇద్దరికీ. నారింజపూల నీళ్లు 2 చెంచాలు సరిపోతాయా? వాసన అసలు తెలియలేదు.

పొంగుపిండి:
సీసాని బట్టి ఉంటుంది. మామూలు వంట రకమైతే 2 పెద్ద చెంచాలు, అంటే 30 మి.లీ., సరైన కొలతే. ఘాటు రకమైతే 1 చెంచా చాలు, ఎక్కువైతే రోస్కోన్ సబ్బులా కొడుతుంది. ముఖానికి రాసుకునే రకం కొనకండి. వాసన నిలవాలంటే పాలల్లో నారింజ తొక్క, నిమ్మ తొక్క, దాల్చినచెక్క వేసి మరిగించి మూతపెట్టండి. తొక్కల కింది తెల్లటి పొర పడితే చేదొస్తుంది. పాలు గోరువెచ్చగా అయ్యాకే ఈస్ట్ కలపాలి, వేడి మీద కలిపితే చచ్చిపోతుంది.

ఆవిరికుడుము:
బొమ్మ, గింజల విషయం: పింగాణీ బొమ్మయితే కాల్చకముందే పిండిలో దూర్చొచ్చు. ప్లాస్టిక్‌దయితే కాల్చి చల్లార్చాక అడుగు నుంచి చాకుతో చీలిక పెట్టి దోపండి. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. బొమ్మ దొరికినవాళ్లకి కాగితం కిరీటం, ఎండు చిక్కుడు గింజ దొరికినవాళ్లు రోస్కోన్ డబ్బులు కట్టాలి, అదీ వాడుక. రెండూ రింగులో ఎదురెదురుగా పెట్టండి. పిల్లలుంటే బొమ్మ ఉందని కోసేముందే చెప్పండి, గట్టిగా కొరికితే పళ్ల పని పడుతుంది.

ఇక వేళలు. 6వ తేదీ దేశమంతా సెలవు, చాలా దుకాణాలు మూతపడతాయి. ఈస్ట్, పండు ముక్కలు 4కే కొనేయండి. 4 రాత్రి పిండి పిసికి, అరగంట బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. నెమ్మదిగా పొంగితే రుచి కూడా బాగుంటుంది. 5 పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఉండ చేస్తే చేతికి అంటదు, రింగు తేలిగ్గా వస్తుంది. చల్లటి పిండి కాబట్టి రెండో పొంగుకి రెండు మూడు గంటలు ఇవ్వండి. మధ్యాహ్నానికి కాల్చేస్తే సాయంత్రం ఊరేగింపుకి వెళ్లొచ్చు.

క్రీమ్ నింపాలనుకుంటే 35 శాతం కొవ్వున్నది, బాగా చల్లటిది గిలక్కొట్టండి. రోస్కోన్ పూర్తిగా చల్లారకుండా కోస్తే క్రీమ్ కారిపోతుంది. స్పెయిన్‌లోని కతలోనియా ప్రాంతంలో క్రీమ్ కన్నా బాదం ముద్ద నింపిన ‘తోర్తెల్’ వాడుక ఎక్కువ, దానికి ఈ బెడద లేదు. క్రీమ్ పెట్టింది ఫ్రిజ్‌లోనే ఉండాలి. పెట్టనిది మర్నాటికే ఎండిపోతుంది కాబట్టి, మిగులుతుందనుకున్న ముక్కల్ని కాల్చిన రోజే సంచిలో కట్టి ఫ్రీజర్లో వేయండి.