డోర్నకల్ కెథడ్రల్ పాత రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న (నల్లగొండ): మా తాతమ్మగారు 1930ల్లో డోర్నకల్ ప్రాంతంలో బాప్తిస్మం పొందారని ఇంట్లో పెద్దలు చెబుతారు. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ (బిషప్‌గారి ప్రధాన చర్చి) చరిత్రను, ఆనాటి రిజిస్టర్లను పరిశీలించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు, మసీదు గుమ్మటాలనూ గుడి మండప స్తంభాలనూ కలిపి కట్టించిన ఈ కెథడ్రల్ ప్రతిష్ఠ 1939లో జరిగింది. కనుక మీ తాతమ్మగారి బాప్తిస్మం అంతకుముందే ఏ ఊరి చర్చిలోనో జరిగి ఉండవచ్చు. ముందు ఆ ఊరి పాస్టరేటులో (ఒక పాస్టరు పరిధిలోని చర్చిల విభాగంలో) అడగండి. బాప్తిస్మంలో పేరు మార్చుకున్నవారు చాలామంది కాబట్టి, పేరుకన్నా తండ్రి పేరు, ఊరు, తేదీ పట్టుకుని వెతకడం మేలు. మిషనరీల ఉత్తరాలు, నివేదికలు కావాలంటే ఎస్పీజీ అనే ఆంగ్లికన్ మిషనరీ సంస్థ పత్రాలు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. అయితే వాటిలో సామాన్య విశ్వాసుల పేర్లు అరుదుగానే కనిపిస్తాయి.

జవాబు 2 (మహబూబ్‌నగర్): ఆమె ఏ మిషన్ చర్చిలో బాప్తిస్మం పొందారో ఒక్కసారి సరిచూసుకోండి. మన నల్లగొండ, పాలమూరు వైపు ఎక్కువగా పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. వారు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు గనుక, ఆ రికార్డులో పుట్టిన ఏడు కోసం వెతికితే ప్రయోజనం తక్కువ. ఆ మిషన్ పత్రాలు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలో భద్రంగా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. తాతమ్మగారి పుట్టినిల్లు ఖమ్మం వైపే, కాబట్టి ముందుగా అక్కడి పాస్టరేటుకే వెళ్తాను.