జిగురు అట్టకి అంటుకున్న ఎలుక: విశ్వాసులు ఏం చెయ్యాలి?

గుణుపురం కిరాణా:
అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మాది గుణుపురం, బజారు వీధిలో చిన్న కిరాణా కొట్టు. వానలు పట్టాయంటే పొలాల్లో ఎలుకలన్నీ కొట్లోకే వస్తాయి. చోళ్ల బస్తాలు, బియ్యం బస్తాలు కింద నుంచి కొరికేస్తున్నాయి. మా మరిది జిగురు అట్టలు తెచ్చి బస్తాల సందుల్లో పెట్టాడు. ఈ రోజు పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఒకదాని మీద చిట్టెలుక. నాలుగు కాళ్లూ, ఒక పక్క దవడా అతుక్కుపోయాయి. పెనుగులాడి పెనుగులాడి పొట్ట దగ్గర బొచ్చు ఊడి ఎర్రగా తోలు కనిపిస్తోంది. పక్కనే ఒక బల్లి. బల్లి ఎవరి బియ్యం తింది?

అట్టని మడిచి చెత్తబండిలో వేసెయ్యమన్నాడు మరిది. "రెండ్రోజులకి అదే చస్తుంది వదినా. ఏలమని దేవుడే చెప్పాడు కదా, ఆదికాండం 1:28" అన్నాడు. మంచివాడే, సంఘం పనుల్లో ముందుంటాడు. అయినా ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఎలుకల్ని ఉంచుకోలేను, మా బతుకు కొట్టు మీదే. కానీ ప్రాణముండగా చెత్తలో వెయ్యడం ప్రభువుకి ఇష్టమేనా? ఇప్పటికీ ఊపిరుంది. గోనెగుడ్డ కప్పి ఉంచాను. పెద్దలు తొందరగా చెప్పండి.

జయపురం నుంచి:
అమ్మా, ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. తిండిగింజలు అమ్మే చోట ఎలుకని చంపడం పాపం కాదు. మీరు పిచ్చుకలకంటే శ్రేష్ఠులని యేసుప్రభువే అన్నాడు. మనసు పాడు చేసుకోకండి.

పర్లాకిమిడి మాస్టారు:
ముందు ఎలుక సంగతి చూడు తల్లీ. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకో, కరుస్తుంది. అంటుకున్న చోటల్లా వంటనూనె చుక్కలు చుక్కలుగా వెయ్యి, ముక్కు మీద పడనివ్వకు. చుట్టూ ఉన్న జిగురు మీద పిండి చల్లు, మళ్లీ అంటుకోదు. కాసేపాగి చీపురుపుల్లతో మెల్లగా విడదియ్యి. లాగొద్దు, తోలు ఊడొస్తుంది.

జయపురం తమ్ముడూ, చంపక తప్పదంటే నేనూ కాదనను. చంపడం వేరు, రెండు రోజులు చావనివ్వడం వేరు. నువ్వు చెప్పిన మాట మత్తయి 10లోది. దానికి పైన 29వ వచనం చూడు. కాసుకి రెండు అమ్ముడుపోయే పిట్ట కూడా తండ్రి సెలవు లేకుండా నేల రాలదు. అంత చవక ప్రాణాన్నే ఆయన మరవడు కనుక మీరు భయపడొద్దంటున్నాడు. పిచ్చుకకి విలువ లేదనుకుంటే మనకిచ్చిన ఆ ధైర్యమే నిలవదు.

ఇక ఏలడం మాట. ఆదికాండం 1:28 వెంటనే 29, 30 వచనాల్లో మనిషికీ మృగాలకీ పచ్చని మొక్కలే ఆహారం. మాంసానికి అనుమతి జలప్రళయం తర్వాతే, 9వ అధ్యాయంలో, అదీ రక్తంతో తినొద్దన్న హద్దుతో. ఆ అధ్యాయంలోనే దేవుని నిబంధన, అంటే ఒడంబడిక, నోవహుతో పాటు ఓడ దిగిన ప్రతి ప్రాణితోనూ ఉంది. ద్వితీయోపదేశకాండం 22లో గూడు కనబడితే పిల్లల్ని తీసుకోవచ్చు, తల్లిని మాత్రం వదిలెయ్యాలి. నాకు చాలా ఇష్టమైన ఆజ్ఞ అది. మనిషి అవసరాన్ని కాదనలేదు, చేతిని మాత్రం ఒకచోట ఆపింది.

1824లో లండన్‌లో జంతుహింస నివారణ సంఘం పెట్టినవాళ్లలో ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి ఉన్నాడు. బానిస వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా ఉన్నాడు. సంఘం అప్పులకి బ్రూమ్ జైలుకి కూడా వెళ్లాడు. గాడిదల కోసం, ఎడ్ల కోసం మన విశ్వాసులు ఇంత చేశారని మీ మరిదికి చెప్పమ్మా.

రాయగడ చెల్లి:
అక్కా, మా మిల్లులో చేసింది చెప్తాను. గింజలన్నీ మూతలున్న రేకు డ్రమ్ముల్లోకి మార్చాం. బస్తాలు తప్పనిసరైతే గోడకి జానెడు ఎడంగా బల్ల మీద పెట్టండి. కన్నాలు పాత్రలు తోమే ఇనుప పీచు కుక్కి సిమెంటు పూయండి. చిట్టెలుకకి పెన్సిలు దూరేంత సందు చాలు, షట్టర్ కింద చూడండి. అప్పటికీ వస్తే బోను పెట్టండి. పొద్దున్నే తప్పకుండా చూడాలి, లోపల ఆకలితో ఉంచకూడదు.

గుణుపురం కిరాణా:
మాస్టారూ, నూనెతో ఊడింది. వెనక కాలు ఈడుస్తోంది గానీ గోడ అవతలకి పాకింది. బల్లి దక్కలేదు. మిగిలిన అట్టలు తీయించేశాను. ద్వితీయోపదేశకాండం ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో తనే చదువుతానన్నాడు మరిది. రాయగడ చెల్లీ, ఆ డ్రమ్ములు అక్కడే దొరికాయా, బరంపురం వెళ్లాలా? క్వింటా పట్టేవి కావాలి.