కేలేఅవుట్‌లో ఒక్కో లేయర్‌ను విడి చిత్రంగా స్క్రిప్టుతో సేవ్ చేయడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. చిప్ లేఅవుట్‌లను చూపే కేలేఅవుట్ సాఫ్ట్‌వేర్‌తో, స్కైవాటర్ 130 నానోమీటర్ల ఓపెన్ పీడీకే (చిప్ రూపకల్పనకు కావలసిన నియమాలు, ఫైళ్లు ఉన్న కిట్)లోని ఒక ఇన్వర్టర్‌ను (సంకేతాన్ని తలకిందులు చేసే చిన్న సర్క్యూట్), ఆ తర్వాత ఒక పూర్తి చిప్‌ను ఇంజినీరింగ్ విద్యార్థులకు పొరపొరగా చూపించాలని పాఠం సిద్ధం చేస్తున్నాను. డిఫ్యూజన్, పాలీ, లోకల్ ఇంటర్‌కనెక్ట్, మెటల్ 1 అంటూ ఒక్కో లేయర్‌కు ఒక పీఎన్‌జీ కావాలి. వాటిని ఒకదానిపై ఒకటి పెడితే అంచులు కచ్చితంగా కలవాలి. పైథాన్ లూప్‌లో ఒక్కో లేయర్‌ను మాత్రమే కనిపించేలా ఉంచి చిత్రాన్ని సేవ్ చేస్తున్నాను. ఇన్వర్టర్‌కు ఫలితం బాగానే ఉంది గాని, పూర్తి చిప్‌కు వచ్చేసరికి ప్రతి చిత్రంలోనూ సెల్ (లేఅవుట్‌లో ఇమిడే చిన్న భాగం) పేర్లున్న ఖాళీ పెట్టెలే వస్తున్నాయి. కారణం ఏమై ఉంటుందో చెప్పగలరా?

సమాధానం 1:
లేఅవుట్‌ను తెరిచినప్పుడు కేలేఅవుట్ హైరార్కీ (సెల్స్ లోపల సెల్స్ ఉండే అంతస్తుల అమరిక)లోని పై మెట్టును మాత్రమే గీసి, లోపలి సెల్స్‌ను పెట్టెలుగా చూపిస్తుంది. ఫైలును లోడ్ చేసిన వెంటనే వ్యూ మీద ‘మ్యాక్స్_హైయర్’ను పిలిస్తే అట్టడుగు వరకూ ఆకారాలన్నీ కనిపిస్తాయి. మీ ఎల్‌వైపీ ఫైలు (లేయర్ల పేర్లు, రంగులు ఉండేది)లో లేయర్లు గ్రూపులుగా ఉంటే మరో సంగతి కూడా చూసుకోవాలి: గ్రూపును దాచితే, దాని లోపలి లేయర్‌ను మీరు ‘విజిబుల్’ చేసినా అది కనిపించదు. అందుకే లోపల లేయర్లున్న గ్రూపు నోడ్లను అలాగే వదిలేసి, అసలు లేయర్లను మాత్రమే ఆన్, ఆఫ్ చేయండి. చిత్రం ఫైలుకు లేయర్ పేరు బదులు దాని సంఖ్యలు పెట్టడం మంచిది, ఉదాహరణకు మెటల్ 1కు 68, 20. పేరులో ఏటవాలు గీత (/) ఉంటే అది ఫోల్డరు దారి అయిపోతుంది.

సమాధానం 2:
పెట్టెలు పోయాక మీకు అసలు ఇబ్బంది పిక్సెళ్ల దగ్గర ఎదురవుతుంది. మీ చిప్ కారవెల్ అనే ఓపెన్ చిప్ చట్రంలోని యూజర్ ప్రాంతమంత ఉందనుకుందాం, అంటే 2.92 × 3.52 మిల్లీమీటర్లు. దాని వెడల్పును 4000 పిక్సెళ్లలో ఇమిడిస్తే ఒక్కో పిక్సెల్ 0.73 మైక్రాన్లు అవుతుంది. మెటల్ 1 తీగ కనీస వెడల్పు, తీగల మధ్య కనీస ఎడం రెండూ 0.14 మైక్రాన్లే. తీగ, ఖాళీ రెండూ ఒకే పిక్సెల్‌లో పడతాయి కాబట్టి రూటింగ్ దట్టంగా ఉన్న చోట విద్యార్థులకు తీగలు కాక రేకు కనిపిస్తుంది. ఓవర్‌శాంప్లింగ్ (పెద్దగా గీసి కుదించడం) అంచులను నునుపు చేస్తుందే తప్ప, లేని వివరాన్ని తెచ్చిపెట్టదు.

కాబట్టి ‘సేవ్_ఇమేజ్_విత్_ఆప్షన్స్’కు లక్ష్య పెట్టెను మీరే ఇచ్చి, చిప్‌ను ముక్కలుగా తీయండి. 280 మైక్రాన్ల చదరాన్ని 4000 × 4000 పిక్సెళ్లలో తీస్తే పిక్సెల్‌కు 0.07 మైక్రాన్లు, అంటే అతి సన్నని తీగకు రెండు పిక్సెళ్లు దక్కుతాయి. చిప్ మొత్తానికి లేయర్‌కు 11 × 13, అంటే 143 ముక్కలు అవుతాయి కనుక, పాఠానికి ఆసక్తికరమైన రెండు మూడు చోట్లను ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం. పెట్టె, చిత్రం రెండింటి నిష్పత్తీ ఒకటే కావాలి. లేకపోతే వ్యూ తనకు తానే ఎక్కువ ప్రాంతాన్ని కలుపుకుంటుంది, ముక్కలు అతకవు. అన్ని లేయర్లకూ అదే పెట్టెను ఇస్తే మీరు కోరినట్టే అంచులు కలుస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, ‘మ్యాక్స్_హైయర్’తో పెట్టెలు పోయాయి. ఇదే స్క్రిప్టును తెర లేని సర్వరు మీద నడపవచ్చా?

సమాధానం 1 ఇచ్చినవారు:
నిక్షేపంగా నడపవచ్చు. 0.28 వెర్షన్ నుంచి మెయిన్ విండో లేకుండానే లేఅవుట్ వ్యూను సృష్టించవచ్చు కాబట్టి, పిప్‌తో కేలేఅవుట్ మాడ్యూల్‌ను ఇన్‌స్టాల్ చేసుకుంటే మామూలు పైథాన్ సరిపోతుంది. అయితే మీ సొంత కంప్యూటర్‌లోని సెట్టింగులు అక్కడికి రావు. ఎల్‌వైపీ ఫైలును స్క్రిప్టులోనే లోడ్ చేసి, నేపథ్యాన్ని తెలుపు చేసి, గ్రిడ్‌ను ఆపేయండి. గళ్ల నింపుడు బదులు నిండు రంగు కావాలంటే ప్రతి లేయర్‌కూ డిథర్ ప్యాటర్న్‌ను 0 చేయండి.