సెల్లార్‌లోకి వాన నీళ్లు: ఏ పంపు పెట్టాలి, గుంత ఎక్కడ తవ్వాలి?

సరూర్‌నగర్ నివాసి:
అందరికీ నమస్కారం. మాది సరూర్‌నగర్ చెరువుకు దిగువన 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, పార్కింగ్ అంతా సెల్లార్‌లోనే. 2020 అక్టోబరు వానలకు నడుము లోతు నీళ్లు నిలిచాయి, అప్పటి నుంచి గట్టి వాన పడిందంటే రాత్రి నిద్ర ఉండదు, కార్లు తీసి రోడ్డు మీద పెట్టడం, అద్దె డీజిల్ పంపు కోసం పది మందికి ఫోన్లు చేయడం, ఇదే పని. పోయిన ఏడాది లిఫ్ట్ గుంతలోకి కూడా దిగాయి. ఈసారి ఆటోమేటిక్ పంపు పెట్టిద్దామని కమిటీలో అనుకున్నాం. ప్లంబరేమో బోరులోంచి తీసిన పాత సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది కదా, దాన్నే దించేద్దాం అంటున్నాడు. ఇంకొకాయన 5 హెచ్‌పీ లేకపోతే లాభం లేదంటున్నారు. మంచినీళ్ల సంపు కూడా సెల్లార్‌లోనే ఉంది, అదొక టెన్షన్.

పంపుల పనిచేసే వ్యక్తి:
బోరు మోటారు వద్దండీ. అది శుభ్రమైన నీళ్ల కోసం చేసింది, పక్క నుంచి నీళ్లు పారుతుంటేనే చల్లబడుతుంది. పంపు దించడానికి మీరు తవ్వే గుంతలోకి వచ్చేది బురద, ఆకులు, ప్లాస్టిక్ కవర్లు, రెండు వానలకే పట్టేస్తుంది. బురద నీళ్లు తోడే డీవాటరింగ్ పంపు గానీ సీవేజ్ పంపు గానీ ఫ్లోట్ స్విచ్‌తో (నీటి మట్టం పెరిగితే తేలి పంపును ఆన్ చేసి, తగ్గితే ఆపేది) తీసుకోండి.

హెచ్‌పీ సంగతికొస్తే, ముందు లెక్క వేయండి. ర్యాంపు 6 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు అనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడినా దాని మీద పడేది 4,500 లీటర్లు, నిమిషానికి 75. దానికి 1 హెచ్‌పీ చాలు. అసలు ముంచేది రోడ్డు నీళ్లు. రోడ్డే కాలువలా పారుతుంటే మీరు తోడి బయట పోసిన నీళ్లే మళ్లీ ర్యాంపు దిగుతాయి, అప్పుడు 5 హెచ్‌పీ పెట్టినా అంతే. అందుకే పంపు కంటే ముందు ర్యాంపు మొదట్లో రోడ్డు మట్టానికి అడుగు ఎత్తున హంప్ కట్టించి, ర్యాంపు అడుగున అడ్డంగా జాలీ కాలువ వేసి గుంతలోకి కలపండి. ఈ పని చేయకుండా పంపు కొంటే డబ్బులు దండగ.

గుంత 4 అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉంటే 1,800 లీటర్లు పడతాయి. మరీ చిన్నదైతే మోటారు నిమిషానికోసారి ఆన్, ఆఫ్ అవుతూ కాలిపోతుంది. ఒకటి కాదు, రెండు పంపులు పెట్టండి, రెండోదాని ఫ్లోట్ కాస్త పైన. బయటికెళ్లే పైపుకు నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. డబ్బా మీద రాసిన లీటర్లు నమ్మకండి, అవి ఎత్తే లేనప్పటివి, మీకు రోడ్డు దాకా ఎన్ని మీటర్లో చెప్పి ఆ ఎత్తుకు ఎంత ఇస్తుందో అడగండి.

మియాపూర్ అపార్ట్‌మెంట్ సెక్రటరీ:
ఒక మాట కలుపుతాను. మాకు పంపు బాగానే ఉండింది, కానీ ప్యానెల్ బోర్డు సెల్లార్ గోడకే ఉండటంతో నీళ్లు అక్కడిదాకా రాగానే కరెంటు తీసేయాల్సి వచ్చింది, పంపు ఆగింది, తెల్లారేసరికి కార్లు మునిగాయి. ఇప్పుడు ప్యానెల్, జనరేటర్ పైకి మార్చి, పంపు లైన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించాం. వాచ్‌మన్ కుటుంబం కింద ఉంటే దయచేసి పై గదికి మార్చండి. మెయిన్ తీయకుండా ఆ నీళ్లలో ఎవర్నీ దిగనివ్వకండి. అద్దె డీజిల్ పంపును సెల్లార్ లోపల నడపకండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:
అమ్మానాన్నలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు కాబట్టి చదువుతున్నాను. ఇక్కడ మా ఇంటికి బేస్‌మెంట్, అందులో పంపు కొన్నప్పటి నుంచే ఉన్నాయి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వానకు కరెంటు పోయింది, పంపు మంచిదే అయినా ఏం లాభం, మోకాలి లోతు వచ్చింది. తర్వాత బ్యాటరీతో నడిచే రెండో పంపు పెట్టించాను. మీరు జనరేటర్ లైన్‌లో పంపు ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంకోటి, సెల్లార్ నిండిపోయి బయట నేల కూడా నానిపోయి ఉంటే మొత్తం ఒకేసారి తోడేయకూడదు, బయటి ఒత్తిడికి గోడలు లోపలికి వస్తాయి. ఇక్కడ రోజుకు మూడో వంతు చొప్పున తీయమని చెబుతారు.

సరూర్‌నగర్ నివాసి:
అందరికీ చాలా థ్యాంక్స్. ప్యానెల్ మాది కూడా కిందే ఉంది, ఇన్నాళ్లూ ఆ ఆలోచనే రాలేదు. గుంత లిఫ్ట్ పక్కన తవ్వవచ్చా? సంపు సంగతేంటి?

పంపుల పనిచేసే వ్యక్తి:
లిఫ్ట్ పక్కన వద్దు. ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి, ఎటు పారి ఆగుతాయో ఆ మూల చూసుకోండి, కానీ పిల్లర్‌కు ఆనుకుని తవ్వకూడదు. కింద రాఫ్ట్ (బిల్డింగ్ మొత్తానికి పునాదిగా పరిచిన కాంక్రీటు పలక) వేసి ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా కోయించకండి. సంపు మూతను రెండడుగులు పైకి లేపి, రబ్బరు బిగింపుతో మూయించండి, ఒకవేళ మురికి నీళ్లు కలిస్తే మొత్తం ఖాళీ చేసి, కడిగి, క్లోరిన్ వేశాకే వాడండి. మే నెలాఖరులో గుంతలో బురద తీసి, నీళ్లు పోసి, రెండు ఫ్లోట్లూ లేస్తున్నాయో లేదో మీరే దగ్గరుండి చూడండి.