నైరోబీ కరెంటు టోకెన్: అదే వెయ్యి షిల్లింగులకి యూనిట్లు తగ్గాయి, ఎందుకు?

టెక్కలి కుర్రోడు:
మా బావ కెన్యా రాజధాని నైరోబీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. అక్కడ ప్రీపెయిడ్ మీటరు. ఎంపెసాలో (అక్కడి ఫోన్ పేమెంటు) డబ్బులు కడితే ఫోన్‌కి 20 అంకెల టోకెన్ వస్తుంది, దాన్ని మీటరు కీప్యాడ్ మీద కొడితే యూనిట్లు పడతాయి. పోయిన నెల వెయ్యికి వచ్చినన్ని ఈ నెల రాలేదట. సగానికి దగ్గరగా కరెంటు భూమిలోంచి వచ్చే ఆవిరితోనే తీస్తారంటారు కదా, బొగ్గు కొనే పని లేదు, మరి ఎందుకంత రేటు? ఇక్కడ టెక్కలిలో మా అమ్మకి మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున పడుతున్నాయి.

నాగావళి ఒడ్డు:
ఆవిరి ఊరికే వస్తుంది తమ్ముడూ, బావి ఊరికే రాదు. ఆ ఆవిరి తీసే ఓల్కారియాలో ఒక్కో బావి రెండు మూడు కిలోమీటర్ల లోతు తవ్వాలి, దానికి తెచ్చిన అప్పులు చాలావరకు విదేశీ కరెన్సీలోనివి. షిల్లింగు పడిపోతే ఆ తేడా వినియోగదారుడి మీదే వేస్తారు. టోకెన్ మెసేజ్ కింద వరసలన్నీ ఉంటాయి, ఫ్యూయల్ (ఇంధన ఖర్చు), ఫారెక్స్ (విదేశీ కరెన్సీ తేడా), పల్లె విద్యుదీకరణ లెవీ, 16 శాతం వ్యాట్, అన్నీ చూడమను. అక్కడి తానా నది డ్యాముల్లో నీళ్లు తగ్గిన ఏడాది నీటి కరెంటు తగ్గి డీజిల్ ప్లాంట్లు ఎక్కువ నడుస్తాయి, ఫ్యూయల్ వరస పెరుగుతుంది. మనకి నెలనెలా కొంత వేసినా, ట్రూ అప్ అని ఎప్పటి లెక్కో మళ్లీ ఇప్పుడు బిల్లులో వేస్తారు, అక్కడ నెలనెలా వేసేస్తారు.

గంటస్తంభం:
కెన్యా ఉత్తరాన తుర్కానా గాలిమరల సంగతి ఎవరూ చెప్పలేదేం? 365 మరలు, 310 మెగావాట్లు, 2017కే సిద్ధం. అక్కణ్ణుంచి నైరోబీ వైపున్న సుస్వా సబ్‌స్టేషన్ దాకా నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్ల లైను మాత్రం 2018లో గానీ పూర్తికాలేదు, ఈలోగా రాని కరెంటుకి పరిహారం కట్టారు. ఆ డబ్బు చివరికి జనం దగ్గర నుంచే కదా.

సోంపేట బీల:
ఆవిరి కరెంటు అంటే అందరికీ ముద్దే. ఓల్కారియాలో కొత్త ప్లాంటు కోసం 2014లో మాసాయి కుటుంబాలను లేపి వేరేచోట ఇళ్లు కట్టిచ్చారు, అది కూడా ఆ రేటులో కలుపుకోండి. థర్మల్ వద్దని కొట్లాడిన ఊరివాణ్ణి, అందుకే అడుగుతున్నా.

నాగావళి ఒడ్డు:
నిజమే, కాదనను. కానీ కుర్రోడి ప్రశ్నకి అసలు జవాబు వేరే ఉందేమో. 2023 ఏప్రిల్ రేట్లలో నెలకి 30 యూనిట్ల లోపు వాడితే యూనిట్‌కి 12.22 షిల్లింగులు, 100 వరకు 16.30, దాటితే 20.97 ఉండేది, పన్నులు కాక. షిల్లింగంటే మనకి అరవై పైసల పైమాట. మన స్లాబుల్లాగా పై యూనిట్లకే పై రేటు కాదు, మూడు నెలల సగటు 100 దాటితే మొత్తం వాడకానికీ పై రేటే. మీ బావ ఇంట్లో ఈ మధ్య కొత్తగా ఏమన్నా కొన్నారా? అక్కడ చలి కాబట్టి షవర్‌కే హీటర్ బిగించుకుంటారు, అది యూనిట్లు తాగేస్తుంది.

టెక్కలి కుర్రోడు:
మా అక్కా పిల్లలూ బావ దగ్గరికి వెళ్లి మూడు నెలలవుతోంది! షవర్ హీటర్ ఉంది, ఇద్దరు పిల్లలకి రోజూ వేడినీళ్లే. సాయంత్రం ఫోన్ చేసి టోకెన్ మెసేజ్ ఫొటో పంపమంటా, ఇక్కడ పెడతా.